యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో సొంత కంప్యూటర్‌కి హోస్ట్‌నేమ్ రిజిస్టర్ చేయించుకోవడం: ఫారంలో ఏం రాయాలి, ఎక్కడ తేడా కొడుతుంది

ముందు మీ ప్రశ్నను కుదించి చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకీ పనికొస్తుంది. బరంపురం దగ్గర యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్. డిపార్ట్‌మెంట్ ల్యాబులో ఉబుంటు (లినక్స్) వేసిన సొంత డెస్క్‌టాప్ ఉంది. దాని ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, తరచూ మారిపోతోంది. హాస్టల్ గదిలోని విండోస్ ల్యాప్‌టాప్ నుంచి దాంట్లోకి లాగిన్ అవ్వాలంటే ముందు ల్యాబుకెళ్ళి ఐపీ చూసుకుని రావాలి. కంప్యూటర్ సెంటర్ వాళ్ళని అడిగితే ఒక ఫారం చేతిలో పెట్టారు. అందులో హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో యంత్రం పేరు), మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే నంబరు), జాక్ నంబరు, నడిపే సర్వీసులు అని గళ్ళున్నాయి. వాటిలో ఏం రాయాలి, పేరు వచ్చాక పర్లాకిమిడిలో ఇంటి నుంచి కూడా కనెక్ట్ అవుతుందా అన్నది మీ ప్రశ్న.

చివరి ముక్కకి జవాబు ముందే చెప్పేస్తాను. పేరు వచ్చినంత మాత్రాన ఇంటి నుంచి కనెక్ట్ అవ్వదు. పేరు చేసే పని ఒక్కటే, ఐపీని గుర్తుపెట్టుకునే బాధ తప్పించడం. దారి తెరవాల్సింది ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ గుమ్మం దగ్గరి కాపలా), లేదా వీపీఎన్ (బయటి నుంచి క్యాంపస్ నెట్‌వర్క్‌లోకి వేసే రహస్య దారి). పేరూ దారీ ఒకటే అనుకుని చాలామంది "పేరు ఇచ్చారు గానీ పనిచేయట్లేదు" అని మళ్ళీ అదే కౌంటర్ దగ్గరికి వెళ్తుంటారు.

ఫారం ఇచ్చాక కంప్యూటర్ సెంటర్‌లో పడేవి మూడు ముళ్ళు. మొదటిది డీహెచ్‌సీపీ (యంత్రాలకి ఐపీలు పంచే ఏర్పాటు) రిజర్వేషన్. ఫలానా మ్యాక్ అడ్రస్ ఉన్న కార్డు అడిగితే ఎప్పుడూ ఫలానా ఐపీయే ఇవ్వమని సర్వరుకి చెప్పి ఉంచడం. రెండోది డీఎన్ఎస్‌లో, అంటే పేర్లకి ఐపీలు చెప్పే పట్టికలో, 'ఏ' రికార్డు (ఇది ఇంగ్లీషు ఏ అక్షరం). ఫలానా పేరు అడిగినవాళ్ళకి ఆ ఐపీ చెప్పడం. మూడోది పీటీఆర్ రికార్డు, అంటే తిరుగు ముడి. ఐపీ ఇచ్చి పేరేమిటని అడిగితే చెప్పేది ఇదే. మూడూ ఒకే యంత్రానికి పడాలి. మొదటిది పడకుండా రెండోది పడితే పేరు ఇవాళ మీ డెస్క్‌టాప్‌ని చూపిస్తుంది, నాలుగు రోజులు పోయాక ఇంకెవరి ప్రింటర్‌నో చూపిస్తుంది. మూడోది పడకపోయినా రోజువారీ పని జరిగిపోతుంది. కాకపోతే లాగుల్లో (యంత్రాలు రాసిపెట్టుకునే చిట్టాల్లో) మీ పేరు బదులు ఉత్త ఐపీ కనిపిస్తుంది. వెనక్కి వెతికి పేరు సరిచూసుకునే కొన్ని పాత సర్వీసులు ఆలస్యం చేస్తాయి, కొన్ని తిప్పి పంపేస్తాయి. అందుకే ఫారంలో గడి లేకపోయినా కింద ఒక వాక్యం రాయండి: రిజర్వేషన్, 'ఏ' రికార్డు, పీటీఆర్ మూడూ కావాలి అని.

ఇప్పుడు ఐపీ ఎందుకు మారుతోందంటే, డీహెచ్‌సీపీ ఐపీని అద్దెకిస్తుంది. గడువు సగం గడిచేసరికి మీ యంత్రం పొడిగించమని అడుగుతుంది, సర్వరు సరేనంటుంది. యంత్రం ఆపి ఉన్నప్పుడు గడువు దాటిపోతే ఆ నంబరు ఇంకొకరికి వెళ్ళిపోవచ్చు. సెలవులకి ఇంటికెళ్ళి వచ్చాక ఐపీ మారడం అందుకే. దీనికి చాలామంది కనిపెట్టే అడ్డదారి, ఇవాళ వచ్చిన ఐపీనే సెట్టింగుల్లో చేత్తో శాశ్వతంగా రాసేయడం. ఆ పని చేయకండి. మీరు రాసుకున్న సంగతి డీహెచ్‌సీపీ సర్వరుకి తెలియదు కాబట్టి అదే నంబరు ఇంకొకరికీ ఇస్తుంది. అప్పుడు ఇద్దరికీ నెట్ తెగుతూ వస్తూ ఉంటుంది. తప్పు మీదని తేలాక మీ తీగ కలిసే పోర్టు మూసేస్తారు.

మన దేశంలో విద్యాసంస్థల నెట్ పేర్ల చివర ఉండే ఏసీ.ఇన్ పేరు కోసం మీరు బయట ఎక్కడా డబ్బు కట్టక్కర్లేదు. ఏసీ.ఇన్ కింద యూనివర్సిటీకి పేరు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా. ఆ పేరు కింద వచ్చే పేర్లన్నీ యూనివర్సిటీ చేతిలోనే ఉంటాయి. మీకు దొరికేది బాహుదా.ఫిజిక్స్.యూనివర్సిటీపేరు.ఏసీ.ఇన్ లాంటిది. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ ఫారంలో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే రాయాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా నింపాల్సింది మ్యాక్ గడి. కంప్యూటర్‌కి మ్యాక్ ఒకటే ఉంటుందనుకోవద్దు. మ్యాక్ కార్డుకి ఉంటుంది. ల్యాన్ కార్డుకి ఒకటి, వైఫైకి ఇంకొకటి, యూఎస్‌బీ డాంగిల్‌కి దానిది దానికే. మీ డెస్క్‌టాప్ తీగతో కనెక్ట్ అయి ఉంటే ల్యాన్ కార్డు మ్యాకే రాయాలి.

ఉబుంటులో టెర్మినల్ తెరిచి "ఐపీ లింక్" అని కొట్టండి. నాలుగైదు పేరాలుగా జాబితా వస్తుంది. మొదటిది ఎల్ఓ, దాని మ్యాక్ అన్నీ సున్నాలే, వదిలేయండి. డాకర్0, వీఐఆర్‌బీఆర్0 లాంటివి ఉంటే అవి సాఫ్ట్‌వేర్ సృష్టించినవి, వాటినీ వదిలేయండి. పేరు డబ్ల్యూఎల్ అక్షరాలతో మొదలైతే అది వైఫై. ఈఎన్ అక్షరాలతో మొదలై, అదే వరుసలో స్టేట్ అప్ అని ఉన్నదే మీ తీగ కార్డు. దాని కింది వరుసలో లింక్/ఈథర్ అన్న మాట పక్కన రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలు కనిపిస్తాయి. అదే మ్యాక్. తేలకపోతే తీగ పీకి మళ్ళీ అదే కమాండ్ ఇవ్వండి. అప్ నుంచి డౌన్‌కి మారినదే మీది. విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ ఆల్. ఈథర్‌నెట్ అడాప్టర్ అన్న భాగంలో ఫిజికల్ అడ్రస్ చూడండి.

దాన్ని చేత్తో రాసేటప్పుడే తప్పులు పడతాయి. మ్యాక్‌లో 0 నుంచి 9 వరకు అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఓ అక్షరం ఉండదు, గుండ్రంగా కనిపించేది సున్నాయే. 8కీ బీకీ, 5కీ ఎస్‌కీ మధ్య చదివేవాళ్ళు తడబడతారు. ఎస్ అయితే అసలు ఉండటానికే వీల్లేదు. కాగితం మీద రాసినా, అదే నంబరు టెర్మినల్ నుంచి కాపీ చేసి మెయిల్‌లో కూడా పంపండి. ఒక్క అంకె తేడా వచ్చినా రిజర్వేషన్ పడుతుంది గానీ లేని కార్డుకి పడుతుంది. ఎక్కడా ఎర్రర్ చూపించదు. మీకు మాత్రం మామూలుగా ఏదో ఒక ఐపీ వస్తూనే ఉంటుంది.

రెండో చిక్కు మారిపోయే మ్యాక్. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు వైఫైలో అసలు మ్యాక్ దాచి ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి. విండోస్‌లో కూడా వైఫై సెట్టింగుల్లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అన్న మీట ఉంది. గుర్తుపట్టడానికి ఒక చిట్కా చెప్తాను. మ్యాక్‌లో రెండో గుర్తు 2, 6 అంకెల్లో గానీ ఇంగ్లీషు ఏ, ఈ అక్షరాల్లో గానీ ఒకటైతే అది కంపెనీ వేసిన మ్యాక్ కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టినది. అలాంటిది ఫారంలో రాస్తే రిజర్వేషన్ నిలవదు. యూనివర్సిటీ వైఫైకి మాత్రం ఆ మీట ఆపేసి అసలు మ్యాక్ రాయండి.

మూడోది, ల్యాన్ సాకెట్ లేని సన్నటి ల్యాప్‌టాప్‌లు వాడేవాళ్ళకి. టైప్-సీ డాంగిల్‌తో కనెక్ట్ అయితే సాధారణంగా నెట్‌వర్క్‌కి కనిపించేది డాంగిల్ మ్యాకే. ల్యాబులో ఆ డాంగిల్‌ని ఇంకో స్కాలర్ తీసుకుని పెట్టుకుంటే మీ ఐపీ, మీ పేరు వాళ్ళ ల్యాప్‌టాప్‌కి వెళ్ళిపోతాయి. సరిగ్గా ఇందుకే మీ విండోస్ ల్యాప్‌టాప్‌కి పేరు రిజిస్టర్ చేయించొద్దంటాను. పైగా అది లాగిన్ అయ్యే వైపు యంత్రం, లాగిన్ చేయించుకునేది కాదు. పేరు కావాల్సింది డెస్క్‌టాప్‌కే. ఊరికే రెండోది అడిగితే ఒక సంతకం, ఒక పునరుద్ధరణ తేదీ పెరుగుతాయంతే.

ఇక ఉబుంటు సర్వర్ ఎడిషన్ వేసుకున్నవాళ్ళకి విడిగా ఒక మాట. అందులో నెట్‌వర్క్ సెట్టింగులు చూసుకునే నెట్‌ప్లాన్, సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఐపీ అడిగేటప్పుడు మ్యాక్‌తో పాటు, ఓఎస్ వేసినప్పుడు పుట్టే మెషీన్-ఐడీ నుంచి తయారైన ఇంకో గుర్తు పంపుతాయి. విండోస్ డీహెచ్‌సీపీ సర్వరు ఉన్న చోట ఆ గుర్తునే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, మ్యాక్ సరిగ్గా ఉన్నా రిజర్వేషన్ పట్టదు. కంప్యూటర్ సెంటర్ వాళ్ళు తమ వైపు అంతా సరిగ్గా ఉందంటారు, మీరూ మీ వైపు సరిగ్గా ఉందంటారు, ఇద్దరిదీ నిజమే. ఈటీసీ కింద నెట్‌ప్లాన్ ఫోల్డరులోని యామిల్ ఫైలు తెరిచి, మీ కార్డు పేరు కింద డీహెచ్‌సీపీ4 వరుస తర్వాత డీహెచ్‌సీపీ-ఐడెంటిఫయర్: మ్యాక్ అని ఒక వరుస చేర్చి, సుడో నెట్‌ప్లాన్ అప్లై ఇవ్వండి. యామిల్‌లో ట్యాబ్ వాడకూడదు, ఖాళీలే వాడాలి, పై వరుసతో సమానంగా ఉండాలి. ఒకే డిస్కును కాపీ కొట్టి రెండు యంత్రాలు తయారుచేసిన ల్యాబుల్లో ఇదే కారణం తిరగబడి కనిపిస్తుంది. మెషీన్-ఐడీ ఒకటే కావడంతో రెండు యంత్రాలకీ ఒకే ఐపీ వస్తుంది.

పేరు ఎంచుకోవడానికి వద్దాం. నియమాలు కొన్నే. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్, అంతే. మొదటా చివరా హైఫన్ ఉండకూడదు. అండర్‌స్కోర్ చెల్లదు. పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేదు. అంకెతో మొదలవ్వొచ్చని 1989లో వచ్చిన ఇంటర్నెట్ నియమాల పత్రం ఆర్ఎఫ్‌సీ 1123 అనుమతిచ్చింది. అయినా కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు తడబడతాయి కాబట్టి అక్షరంతోనే మొదలుపెట్టండి. చుక్కకీ చుక్కకీ మధ్య 63 అక్షరాలు దాటకూడదు. మీకు అసలు హద్దు అది కాదు, 15. విండోస్ పాత నెట్‌బయాస్ పేరు 15 అక్షరాలకే పరిమితం. పొడుగు పేరు పెడితే విండోస్ యంత్రాల వైపు తోక కత్తిరించి కనిపిస్తుంది. నా సలహా 8 అక్షరాల లోపు. ఫోన్‌లో అక్షరం అక్షరం చెప్పాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

మన వైపు స్పెల్లింగ్ సంగతి ఇంకొంచెం చూసుకోవాలి. వంశధార అని పేరు అడిగారనుకోండి. మన శ్రీకాకుళం వాళ్ళు వీ అక్షరంతో రాస్తారు, ఒడిశా వైపు బీతో రాస్తారు, మధ్యలో ఎమ్ పెట్టేవాళ్ళున్నారు, ఎన్ పెట్టేవాళ్ళున్నారు. రుషికుల్యకీ రెండు రకాల స్పెల్లింగులున్నాయి. నోటితో చెప్పిన పేరు కౌంటర్లో ఇంకోలా టైప్ అవుతుంది. బాహుదా లాంటిదైతే ఎవరు రాసినా అవే ఆరు అక్షరాలు. అందుకే ఈ జవాబంతటా దాన్నే ఉదాహరణగా వాడుతున్నాను. ఫారంలో మూడు ఇష్టాలు రాయండి, ఎందుకంటే నదుల పేర్లు, కొండల పేర్లు మీకంటే ముందే ఎవరో తీసేసుకుని ఉంటారు. మహేంద్రగిరి దొరుకుతుందని ఆశపడకండి.

పెట్టకూడని పేర్లు: మెయిల్, వీపీఎన్, టెస్ట్, సర్వర్, లోకల్‌హోస్ట్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ. ముఖ్యంగా డబ్ల్యూపీఏడీ. ఈ పేరును బ్రౌజర్లు ప్రాక్సీ సెట్టింగుల కోసం వాటంతట అవే వెతుకుతాయి. అది మీ యంత్రాన్ని చూపిస్తే నెట్‌వర్క్‌లో అందరి ట్రాఫిక్ మీ మీదికి తిరుగుతుంది, అడిగినందుకే అనుమానంగా చూస్తారు. రోల్ నంబరు, ఫోన్ నంబరు, గైడ్ పేరు, ఓఎస్ వెర్షన్ వద్దు. డీఎన్ఎస్ పేరు నలుగురికీ కనిపించేది. ప్రాజెక్టు పేరు కూడా పెట్టొద్దంటాను. ప్రాజెక్టు అయిపోతుంది, యంత్రం ఉంటుంది. తెలుగు లిపిలో పేరు అడగొచ్చా అంటే, .భారత్ డొమైన్ తెలుగు లిపిలో కూడా ఉంది నిజమే. కానీ తెర వెనక ఆ పేర్లు ఎక్స్‌ఎన్ తర్వాత రెండు హైఫన్లతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల వరుసగానే మారతాయి. ల్యాబు యంత్రానికి ఆ తలనొప్పి ఎందుకు?

జాక్ నంబరు అంటే గోడ మీది ల్యాన్ సాకెట్ పలక మీద రాసి ఉండే గుర్తు. సాకెట్ మీద చిన్న తెల్ల స్టిక్కరో, మార్కర్‌తో రాసిన అంకెలో ఉంటాయి. తీగ ఆ సాకెట్‌లోకే నేరుగా వెళ్తోందా, మధ్యలో బల్ల కింద ఎవరో పెట్టిన చిన్న స్విచ్‌లోకి వెళ్తోందా చూడండి. స్విచ్ ఉంటే ఆ మాట రాయండి. ఒక సాకెట్‌కి ఒక మ్యాకే అనుమతించే పోర్ట్ సెక్యూరిటీ ఉన్న చోట రెండో యంత్రం పెట్టగానే పోర్టు మొత్తం ఆగిపోతుంది. స్టిక్కర్ ఊడిపోయి ఉంటే గది నంబరు, కిటికీ వైపా తలుపు వైపా అన్నది రాసి, ఫొటో తీసి జతచేయండి. జాక్ ఎందుకు అడుగుతారంటే, అది ఏ వీల్యాన్‌లో (క్యాంపస్ నెట్‌వర్క్‌ని విడగొట్టిన ఏ భాగంలో) ఉందో దాన్ని బట్టే మీ ఐపీ ఏ వరుసలోంచి ఇవ్వాలో తేలుతుంది. యంత్రాన్ని ల్యాబు నుంచి హాస్టల్‌కి మోసుకెళ్తే మ్యాక్ అదే అయినా వీల్యాన్ మారుతుంది. రిజర్వేషన్ అక్కడ చెల్లదు, పేరు మాత్రం పాత ఐపీనే చూపిస్తూ ఉంటుంది. గది మారితే కొత్త ఫారం తప్పదు.

సర్వీసుల గడిలో "అన్నీ" అని రాసిన ఫారం వెనక్కి వస్తుంది. మీకు కావాల్సింది ఎస్ఎస్‌హెచ్, పోర్టు 22, క్యాంపస్ లోపలి నుంచి మాత్రమే. అంతే రాయండి. ఎస్ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి, ఇక్కడ పోర్టు అంటే గోడ సాకెట్ కాదు, సర్వీసుకి ఉండే నంబరు. బ్రౌజర్‌లో కోడ్ రాసుకునే జూపిటర్ నోట్‌బుక్ కోసం పోర్టు 8888 విడిగా తెరవమని అడగక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కి హైఫన్ ఎల్ తగిలించి సొరంగం వేసుకుంటే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8888లో తెరుచుకుంటుంది. తెరవమన్న ప్రతి పోర్టుకీ ఎవరో ఒకరు సంజాయిషీ చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగులు 180 రోజులు దాచాలి, భద్రతకు భంగం కలిగితే 6 గంటల్లో తెలియజేయాలి. కంప్యూటర్ సెంటర్ వాళ్ళు గైడ్ సంతకం, హెచ్ఓడీ ఫార్వర్డింగ్ లేకుండా ముట్టుకోకపోవడం వెనక ఇలాంటి భయాలుంటాయి. వాళ్ళ మీద విసుక్కుని లాభం లేదు. ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపి కీ లాగిన్ (కీ ఫైలు ఉన్నవాళ్ళకే లాగిన్) మాత్రమే పెట్టానని ఫారంలో రాస్తే ఫైలు తొందరగా కదులుతుంది. రాసి ఊరుకోకుండా నిజంగానే పెట్టండి.

ఫారం ఆమోదమయ్యాక మీ యంత్రంలోనూ అదే పేరు పెట్టుకోవాలి. డీఎన్ఎస్‌లో పేరు పడితే యంత్రంలో దానంతటది మారదు. ఉబుంటులో ఈ కమాండ్ ఇవ్వండి: సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ బాహుదా. తర్వాత ఈటీసీ కింద హోస్ట్స్ ఫైలు తెరిచి 127.0.1.1 వరుసలో పాత పేరు తీసి కొత్తది రాయండి. ఇది మర్చిపోతే సుడో కొట్టిన ప్రతిసారీ హోస్ట్ దొరకలేదని సణుగుతుంది. రీబూట్ అయ్యాక పాత పేరు మళ్ళీ వస్తే, యంత్రం లేచేటప్పుడు సెట్టింగులు వేసే క్లౌడ్-ఇనిట్ పని అది, దాని కాన్ఫిగ్‌లో ప్రిజర్వ్ హోస్ట్‌నేమ్ అన్నదాన్ని ట్రూ చేయండి. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్, రీనేమ్ దిస్ పీసీ, రీస్టార్ట్. పేరు చివర .లోకల్ ఎప్పుడూ తగిలించకండి. అది ఎమ్‌డీఎన్ఎస్‌కి (పక్కపక్క యంత్రాలే ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతికి) కేటాయించినది, ఆర్ఎఫ్‌సీ 6762. ఒకే వీల్యాన్‌లో ఉన్నవాళ్ళకే అది పనిచేస్తుంది. హాస్టల్ నుంచి ల్యాబుకి పనికిరాదు.

పరీక్షించే దగ్గర ఒక తొందర పనికిరాదు. రికార్డు పడకముందే పేరుని గంట గంటకీ పింగ్ చేసి చూడకండి. లేదన్న జవాబు కూడా డీఎన్ఎస్ గుర్తుపెట్టుకుంటుంది. ఎంతసేపన్నది ఆ జోన్ సెట్టింగును బట్టి ఉంటుంది, ఒకటి నుంచి మూడు గంటలు మామూలు. వాళ్ళు రికార్డు వేశామని మెయిల్ పెట్టిన నిమిషానికి మీకు మాత్రం లేదనే వస్తుంది, కారణం మీరే. అలా ఇరుక్కుంటే విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్, ఉబుంటులో రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాషెస్. అప్పటికీ రాకపోతే క్యాంపస్ సర్వరు గుర్తుపెట్టుకున్నట్టే, ఆగాల్సిందే.

పేరుకి ఐపీ ఏమిటని డీఎన్ఎస్‌ని అడిగే కమాండ్ ఎన్ఎస్‌లుకప్. దాని జవాబు చదవడంలో కూడా పొరబడతారు. కమాండ్ తర్వాత పేరు మొత్తం కొట్టి, చివర ఒక చుక్క పెట్టండి. చుక్క లేకపోతే విండోస్ తనకి తెలిసిన తోకని ఇంకోసారి తగిలించి వెతకొచ్చు. మొదటి రెండు వరుసల్లో సర్వర్, అడ్రస్ అని వచ్చేది మీకు జవాబిస్తున్న డీఎన్ఎస్ సర్వరు వివరం, మీ యంత్రానిది కాదు. దాన్ని చూసి తప్పు ఐపీ ఇచ్చారని ఫిర్యాదు చేసేవాళ్ళున్నారు. కింద నేమ్, అడ్రస్ అని రెండోసారి వచ్చేదే మీది. నాన్-ఆథరిటేటివ్ ఆన్సర్ అన్న మాట ఎర్రర్ కాదు, జవాబు క్యాషె నుంచి, అంటే ముందే గుర్తుపెట్టుకున్నదాంట్లోంచి, వచ్చిందని. నాన్-ఎగ్జిస్టెంట్ డొమైన్ అంటే పేరు లేదు. తర్వాత అదే ఐపీని ఎన్ఎస్‌లుకప్‌కి ఇచ్చి తిరుగు ముడి పడిందో లేదో చూడండి. చివరగా డెస్క్‌టాప్‌లో ఐపీ అడ్రస్ చూసి మూడూ కలుస్తున్నాయని నిర్ధారించుకుని, యంత్రాన్ని ఒకసారి పూర్తిగా ఆపి మళ్ళీ వేసి, అదే ఐపీ వస్తోందా చూడండి.

ఎన్ఎస్‌లుకప్‌లో పేరు దొరికి బ్రౌజర్‌లో మాత్రం దొరకకపోతే, బ్రౌజర్ సెట్టింగుల్లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఆన్‌లో ఉంటే బ్రౌజర్ క్యాంపస్ సర్వరుని వదిలేసి బయటి సర్వరుని అడుగుతుంది. మీ పేరు లోపలికి మాత్రమే తెలిసినదైతే బయటివాళ్ళకి తెలియదు. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ చేసేదీ ఇదే.

పేరు దొరికి, ఐపీ సరిగ్గా ఉండి, అయినా కనెక్ట్ కాకపోతే ఇక డీఎన్ఎస్‌ని వదిలేయండి. ఉబుంటులో ఫైర్‌వాల్ (యూఎఫ్‌డబ్ల్యూ) ఆన్ చేసి 22 అనుమతించడం మర్చిపోయారా? అసలు ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ వేశారా? ఉబుంటు డెస్క్‌టాప్‌లో అది ముందే ఉండదు. అవి సరిగ్గా ఉన్నాయంటే, ప్రోగ్రాముల్ని విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ వేసుకున్నారేమో చూడండి. డాకర్ తన కోసం మామూలుగా 172.17.0.0/16 వరుసను, అంటే 172.17తో మొదలయ్యే ఐపీలని, వాడుకుంటుంది. మీ హాస్టల్ వీల్యాన్ ఐపీలు 172.17తో మొదలైతే డెస్క్‌టాప్ జవాబుని హాస్టల్ వైపు పంపకుండా తన కడుపులోనే తిప్పుకుంటుంది. డెస్క్‌టాప్‌లో నెట్ అంతా బాగుంటుంది, పక్క ల్యాబు నుంచి లాగిన్ అవుతుంది, హాస్టల్ నుంచి మాత్రమే అవ్వదు. ఈ లక్షణం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఈటీసీ కింద డాకర్ ఫోల్డరులో డీమన్.జేసన్ ఫైలులో బీఐపీ విలువని క్యాంపస్‌లో వాడని వరుసకి మార్చి డాకర్‌ని రీస్టార్ట్ చేయండి.

ఒక్కసారిగా గదిలో అందరికీ 192.168.0 లేదా 192.168.1తో మొదలయ్యే ఐపీలు వస్తే, ఎవరో ఇంటి వైఫై రౌటర్ తెచ్చి గోడ తీగని దాని వ్యాన్ సాకెట్‌లో కాక ల్యాన్ సాకెట్‌లో పెట్టారు. ఆ రౌటర్ సొంత డీహెచ్‌సీపీ మొదలుపెట్టేసింది. మీ రిజర్వేషన్ తప్పేం కాదు, రౌటర్ తీస్తే సరిపోతుంది. 169.254తో మొదలయ్యే ఐపీ కనిపిస్తే డీహెచ్‌సీపీ సర్వరు అసలు జవాబే ఇవ్వలేదని. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం ముందు లేచి స్విచ్ ఆలస్యంగా లేస్తే ఇలా అవుతుంది. ఫైలిన్, తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లాల్లో కరెంటు గురించి వేరే చెప్పక్కర్లేదు. బయోస్‌లో పవర్ పోయి వచ్చాక యంత్రం దానంతటది ఆన్ అయ్యే సెట్టింగు పెట్టండి, స్లీప్ ఆపేయండి. ఆరిపోయిన యంత్రానికి ఎంత మంచి పేరున్నా లాగిన్ అవ్వదు.

ఇప్పుడు పర్లాకిమిడి. ఐపీ 10తో మొదలైనా, 172.16 నుంచి 172.31 లోపు ఉన్నా, 192.168తో మొదలైనా అది ప్రైవేటు అడ్రస్. క్యాంపస్ గోడ దాటితే దానికి దారి లేదు. పేరు బయటికి కనిపించినా ఆ ఐపీకి చేరలేరు. మీకు కావాల్సింది యూనివర్సిటీ వీపీఎన్, దానికి వేరే ఫారం ఉంటుంది. రెండూ ఒకే రోజు ఇచ్చేయండి. వీపీఎన్ కనెక్ట్ అయ్యాక ఐపీతో లాగిన్ అయి పేరుతో అవ్వకపోతే, వీపీఎన్ క్యాంపస్ డీఎన్ఎస్‌ని మీ ల్యాప్‌టాప్‌కి ఇవ్వట్లేదని అర్థం, ఆ మాటే రాసి మెయిల్ పెట్టండి. ఐపీతో కూడా అవ్వకపోతే మీ ఇంటి రౌటర్ వరుస, క్యాంపస్ వరుస ఒకటే అయ్యాయేమో చూడండి. ఇంట్లో 192.168.1 ఉండి ల్యాబులోనూ అదే ఉంటే ల్యాప్‌టాప్ ఇంట్లోనే వెతుకుతుంది. ఇంటి రౌటర్‌ని 192.168.77 లాంటి ఎవరూ వాడని వరుసకి మార్చేస్తే తీరిపోతుంది. వీపీఎన్ ఇవ్వకపోతే పబ్లిక్ ఐపీ అడగొచ్చు గానీ, సొంత యంత్రానికి ఇవ్వడం అరుదు. ఇస్తామన్నా నేనైతే వద్దంటాను. పోర్టు 22 బయటికి తెరిచిన నిమిషాల్లోనే ప్రపంచం నలుమూలల నుంచి పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నాలు లాగులో బారులు తీరతాయి.

హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక్క ముక్క. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు పద్ధతిలో ఇవ్వాలంటే బయటి నుంచి పోర్టు 80కి చేరగలగాలి. లోపలి యంత్రానికి అది కుదరదు. ఎస్ఎస్‌హెచ్ సొరంగం వేసుకుంటే దాని అవసరమే రాదు.

డెస్క్‌టాప్‌లో ఓఎస్ మళ్ళీ వేస్తే ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ అయ్యేటప్పుడు అవతలి యంత్రం గుర్తింపు మారిందని పెద్దక్షరాల్లో హెచ్చరిక వస్తుంది. మీరే మార్చారని తెలిసినప్పుడు మాత్రమే ఎస్ఎస్‌హెచ్-కీజెన్ హైఫన్ ఆర్ తర్వాత పేరు ఇచ్చి పాత గుర్తు తీసేయండి. మీరేమీ మార్చకుండానే వస్తే ఆగండి. మీ పేరు వేరే యంత్రాన్ని చూపిస్తోందని దానర్థం కావచ్చు. ముందు ఐపీ, మ్యాక్ సరిచూడండి.

చాలా చోట్ల రిజిస్ట్రేషన్‌కి ఏడాది గడువు, లేదా మీ ఐడీ కార్డు గడువే దానికీ గడువు. పునరుద్ధరణ నోటీసు యూనివర్సిటీ మెయిల్‌కే వస్తుంది, దాన్ని చూడనివాళ్ళ పేర్లే మొదట పోతాయి. థీసిస్ ఇచ్చి వెళ్ళేటప్పుడు పేరు తీసేయమని మీరే రాయండి. అలా వదిలేస్తే రేపు ఆ ఐపీ వచ్చిన యంత్రం ఏం చేసినా లాగులో మీ పేరు కనిపిస్తుంది. ఆ పేరుని సీనేమ్‌గా (ఒక పేరుని ఇంకో పేరు వైపు తిప్పే రికార్డుగా) బయటి పేజీ దేనికైనా కట్టించుకుని ఉంటే ఇంకా ప్రమాదం. మీరు ఆ పేజీ మూసేశాక దాన్ని ఇంకెవరైనా తెరిచి యూనివర్సిటీ పేరు మీద నడపగలరు. తీసేయమని రాసే మెయిల్‌లో పేరు, ఐపీ, మ్యాక్ మూడూ రాయండి. పేరు ఒక్కటే రాస్తే 'ఏ' రికార్డు తీసి ఊరుకుంటారు, రిజర్వేషన్, పీటీఆర్ అలాగే మిగిలిపోతాయి.